ఏ నేలకు ఆ టైరు: మంచుదారిలో స్పోర్ట్స్ కారు నేర్పే పాఠం

"ఏ ఎండకు ఆ గొడుగు" అనే సామెతను మనం సాధారణంగా నిందార్థంలోనే వాడుతుంటాం. నిలకడలేని మనిషిని గూర్చి చెప్పే మాట అది. కాని మనిషికి దోషమైన ఈ లక్షణమే ఒక వస్తువుకు గొప్ప గుణమవుతున్నది. ఆ వస్తువు మన వీధులలో నిత్యం కనిపించేదే. అయినను మనం ఆగి చూడనిది. అదే వాహనపు టైరు. ఎండనేలకు ఒక టైరు, వాననేలకు ఒక టైరు, మంచునేలకు మరొక టైరు. ఈ భేదాన్ని గుర్తించనివాడు ఎంతటి ఖరీదైన వాహనం ఎక్కినా దారి మధ్యలో నిస్సహాయుడు కాక తప్పదు. ఈ సత్యాన్ని అన్నిటికంటె స్పష్టంగా నిరూపించే ఉదాహరణ మంచుదారి మీద స్పోర్ట్స్ కారు. దానిని ఆధారం చేసికొని టైరు శాస్త్రాన్ని కొంత వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

మంచు మనకంత దూరమా?

"హిందూపురంలో మంచు ఎక్కడిది? ధర్మవరంలో చలికాలపు టైరుతో పని ఏమిటి?" అని పాఠకులు ప్రశ్నించవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. కాని పెనుకొండను ఆనుకొని పోయే 44వ నంబరు జాతీయ రహదారిని ఒక్కసారి తలచుకొందాం. హిందూపురం నుండి, ధర్మవరం నుండి వచ్చే వాహనాలు పక్కదారుల గుండా చేరుకొనేది ఈ రహదారినే. 2010లో రహదారుల సంఖ్యలను మార్చకముందు మన ప్రాంతంలో దీని సంఖ్య 7. నేడు ఇది శ్రీనగరాన్ని కన్యాకుమారితో కలిపే, మూడున్నర వేల కిలోమీటర్లకు మించిన ఏకరహదారి. మన ఎదుట ఎండకు మెత్తబడిన తారుతో నల్లగా మెరిసే ఈ దారే, ఉత్తరాన బనిహాల్ కనుమను దాటేచోట శీతకాలంలో మంచు కప్పుకొని తెల్లగా మారుతుంది. ఆ కనుమలో మంచు బాధను తప్పించుటకే 1956లో జవాహర్ సొరంగాన్ని తెరిచారు. అదియును చాలక, అంతకంటె దిగువన ఎనిమిది కిలోమీటర్లకు పైగా పొడవైన మరొక సొరంగం 2021లో వాడుకలోనికి వచ్చింది.

కాశ్మీరంలో డిసెంబరు 21 నుండి నలభై రోజుల తీవ్రమైన చలికాలాన్ని "చిల్లా-ఎ-కలాన్" అంటారు. "చిల్లా" అనగా నలభై దినాల కాలమని ఉర్దూ చదివిన మన సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ రోజులలో శ్రీనగరంలో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పోవడం సాధారణం. మంచు కురిసిన రోజులలో తంగ్‌మార్గ్ నుండి గుల్మార్గ్‌కు ఎక్కే వాహనాల చక్రాలకు గొలుసులు చుట్టుకొననిదే అధికారులు పైకి పోనివ్వరు. కనుక మంచుదారి అన్నది విదేశీ వింత కాదు. మన ఇంటి ముందరి దారికే అది మరొక కొస.

ఇంకొక కారణం కూడా ఉన్నది. పెనుకొండ మండలంలోని ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ఆరంభించింది. ఏటా మూడు లక్షల కార్లను తయారుచేయగల శక్తి దానికున్నది. ఒకప్పుడు కరవు ప్రాంతమని మాత్రమే పేరుపడిన ఈ నేల నేడు కార్ల పుట్టినిల్లు అయినది. మన యువకులలో కొందరు ఆ వృత్తిలోనికి ప్రవేశిస్తున్నారు. వేరొక వైపు ఉన్నతవిద్య కొరకు అమెరికా, కెనడా, జర్మనీ దేశాలకు పోయే తెలుగు విద్యార్థుల సంఖ్య సామాన్యమైనది కాదు. చికాగో, డిట్రాయిట్, బఫెలో, టొరంటో వంటి నగరాలలో వారు మొదటిసారి మంచును చూస్తారు. పుట్టినది మొదలు నలభై డిగ్రీల ఎండలో పెరిగిన యువకుడు, చేతిలో కొంత ధనం చేరగానే ఎప్పటినుండియో కోరుకొన్న స్పోర్ట్స్ కారును అక్కడి సంతలో పాతదిగా కొని, ఏ టైరున్నదో చూడకుండా డిసెంబరు మాసంలో రోడ్డెక్కితే ఏమి జరుగుతుంది? దీనికి సమాధానం తెలిసికొని బయలుదేరడం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

నాలుగు అరచేతుల మీద ఒక వాహనం

ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాం. పదిహేను వందల కిలోల బరువున్న కారును తీసికొందాం. ఒక్కొక్క చక్రం మీద పడే భారం సుమారు 375 కిలోలు. టైరులోని గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 2.3 కిలోలు అనుకొంటే, ఆ భారాన్ని మోయుటకు టైరు నేలను తాకవలసిన వైశాల్యం దాదాపు 160 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక మనిషి అరచేయి అంత. ఎంత పెద్ద ఇంజను ఉన్నా, ఎంత గొప్ప బ్రేకులు ఉన్నా, కారు నేలతో మాట్లాడేది ఈ నాలుగు అరచేతుల ద్వారానే. ముందుకు కదలడం, మలుపు తిరగడం, ఆగడం అనే మూడు పనులూ ఆ కొద్దిపాటి చోటులోనే జరుగవలసి ఉన్నది.

ఈ మూడు పనులకూ పట్టు కావలెను. పట్టు అన్నది మన చేతిలోని ఒక రూపాయి వంటిది. బ్రేకుకు అర్ధరూపాయి ఖర్చు పెట్టితే మలుపునకు కొంతే మిగులుతుంది. మొత్తం బ్రేకుకే ఖర్చుచేస్తే మలుపు తిరుగుటకు ఏమీ మిగలదు. చక్రం తిప్పినా కారు తిన్నగానే పోతుంది. పొడి తారురోడ్డు మీద ఆ రూపాయి నిండుగా ఉంటుంది. వానలో అది అరవై పైసలు అవుతుంది. మంచులో పావలాకు దిగిపోతుంది. గాజువలె గట్టిపడిన మంచుగడ్డ మీద దాదాపు పదిపైసలే మిగులుతాయి. చలికాలపు టైరు చేసే పని ఈ తరిగిపోయిన రూపాయిలో వీలైనన్ని పైసలను మనకు తిరిగి ఇప్పించడమే.

చలికి బిగుసుకొనే రబ్బరు

రబ్బరు నేలను ఎట్లా పట్టుకొంటుంది? పైకి నున్నగా కనిపించే రోడ్డు నిజానికి లెక్కలేనన్ని చిన్న చిన్న ఎత్తుపల్లాలతో కూడి ఉంటుంది. మెత్తని రబ్బరు ఆ పల్లాలలోనికి దిగి, ఎత్తులను చుట్టుకొని, గట్టి పట్టు సంపాదిస్తుంది. రబ్బరు గట్టిపడితే ఈ పని చేయలేదు. ఎత్తుల కొనల మీదనే తేలిపోతుంది.

హైదరాబాదు లాడ్ బజారులో లక్క గాజులు చేయడం చూచినవారికి ఈ విషయం సులభంగా బోధపడుతుంది. వేడిమీద లక్క చెప్పినట్లు వంగుతుంది. చల్లారిన తరువాత వంచబోతే విరుగుతుంది. పదార్థం ఒక్కటే, ఉష్ణోగ్రత మారినంతనే స్వభావం మారింది. రబ్బరు కూడ అట్టిదే. ప్రతి రబ్బరు మిశ్రమానికి అది గాజువలె పెళుసుగా మారే ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. సహజమైన రబ్బరుకు అది సున్నాకు దిగువ సుమారు 70 డిగ్రీలు. టైర్లలో కలిపే కృత్రిమ రబ్బర్లలో అనేకం అంతకంటె ముందే గట్టిపడతాయి. పూర్తిగా గాజుగా మారకముందే, ఇంకా చాలా ఎగువన ఉండగానే, రబ్బరు బిగుసుకొనడం మొదలవుతుంది. వేసవి టైరు పట్టు 7 డిగ్రీల సెంటిగ్రేడు చుట్టుపట్ల నుండియే తగ్గిపోసాగుతుందని టైరు తయారీదారులు చెప్పే లెక్క. అంటే మంచు కురవకపోయినా, చలి ఒక్కటే చాలును.

ఈ సత్యాన్ని ప్రపంచమంతా కన్నీటితో తెలిసికొన్న సందర్భం ఒకటున్నది. 1986 జనవరి 28వ తేదీన అమెరికా అంతరిక్షనౌక చాలెంజర్ ఎగిరిన 73 సెకండ్లకే పేలిపోయి ఏడుగురు వ్యోమగాములు మరణించారు. అతిశీతలమైన ఆ ఉదయం రాకెట్టు అతుకులలోని రబ్బరు వలయాలు బిగుసుకొని, త్వరగా యథాస్థితికి రాలేక, వేడి వాయువులకు దారి ఇచ్చాయి. విచారణ సంఘంలో సభ్యుడైన భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్, అట్టి రబ్బరు ముక్కను ఒక పట్టుకర్రతో నొక్కి, మంచునీటి గ్లాసులో ముంచి తీసి, అది వెంటనే మునుపటి ఆకారానికి రావడం లేదని సభలోనే చూపించాడు. ఒక గ్లాసు మంచునీరు చెప్పిన పాఠమది. చలిదేశంలో వేసవి టైరు మీద పోయే ప్రతి కారు అదే పాఠాన్ని చక్రాల క్రింద మోసికొని పోతున్నది.

స్పోర్ట్స్ కార్ల విషయంలో ఈ ప్రమాదం మరింత అధికం. ఎందుకనగా వాటికి సాధారణంగా అమర్చే టైర్లు వేడి నేల మీద, అధిక వేగంలో అంటుకొని ఉండేటట్లు రూపొందించిన ప్రత్యేకమైన వేసవి టైర్లు. వాటిలో కొన్నింటిని గడ్డకట్టే చలిలో నడపరాదనియే కాక, తీవ్రమైన చలిలో నిలువ ఉంచినా రబ్బరు పగుళ్లు తీయవచ్చుననియు తయారీదారులు హెచ్చరిస్తారు. పొడి ఎండదారిలో సర్వశ్రేష్ఠమైన టైరు మంచుదారిలో సర్వనికృష్టమైనదిగా మారడం విధి వైపరీత్యం కాదు, పదార్థ ధర్మం.

గాడులలో దాగిన నేర్పు

చలికాలపు టైరులో రెండు విశేషాలున్నాయి. మొదటిది మిశ్రమం. సహజ రబ్బరు పాలు పెంచి, సిలికా కలిపి, చలిలో కూడ మెత్తదనం కోల్పోకుండా దానిని తయారుచేస్తారు. రెండవది పైపట్టీ మీది గాడులు. ఇవి లోతుగా ఉండి మంచును తమలో కూరుకొంటాయి. మంచుకు మంచు అంటుకొంటుంది కదా! పిల్లలు మంచును ఉండలు చేయగలిగేది అందుచేతనే. గాడులలో కూరుకొన్న మంచు రోడ్డు మీది మంచును పట్టుకొనడం వలన టైరుకు అదనపు పట్టు లభిస్తుంది.

ఈ గాడులే కాక, రబ్బరు దిమ్మల మీద కత్తితో కోసినట్లు సన్నని చీలికలు వందలకొలది ఉంటాయి. టైరు నేలను తాకినప్పుడు ఇవి కొద్దిగా తెరుచుకొని, ఒక్కొక్క అంచు మంచును గీరి పట్టుకొంటుంది. జాన్ సైప్ అనే అమెరికా దేశీయుడు 1923లో ఇట్టి చీలికలకు పేటెంటు పొందాడు. తడి నేల మీద జారకుండుటకు తన చెప్పుల అడుగున ఆయన చీలికలు కోసికొన్నాడనియు, అక్కడినుండియే ఈ ఆలోచన పుట్టినదనియు చెబుతారు. నేటికిని ఆ చీలికలకు ఆయన పేరే నిలిచి ఉన్నది.

చలికాలపు టైరునకు పుట్టినిల్లు ఫిన్లాండు దేశం. అక్కడి నోకియా అనే పట్టణంలోని రబ్బరు కర్మాగారం 1934లో లారీల కొరకు, 1936లో కార్ల కొరకు మంచు టైర్లను తయారుచేసింది. నోకియా అనగానే మనకు చేతిఫోను జ్ఞప్తికి వస్తుంది. ఆ రెండింటికీ బంధుత్వమున్నది. 1967లో ఈ రబ్బరు సంస్థ, ఒక కేబుల్ సంస్థ, నోకియా కాగితపు సంస్థ విలీనమై ఏర్పడిన కార్పొరేషనే తరువాత ఫోన్లకు ప్రసిద్ధి పొందింది. టైర్ల విభాగం 1988లో వేరుపడింది.

టైరు అంతర్భాగాన్ని గూర్చి ధర్మవరం వారికి చెప్పడం సులభం. టైరు కేవలం రబ్బరు కాదు. దాని కడుపులో నేసిన వస్త్రమున్నది. మగ్గం మీద పడుగు, పేక రెండూ సమానంగా బలమిస్తాయి. టైరు వస్త్రంలో మాత్రం బలమంతయు పడుగుదే. దృఢమైన పాలియెస్టరు లేదా నైలాను దారాలు దగ్గర దగ్గరగా బారులు తీరి ఉంటాయి. వాటిని చెదరకుండా ఉంచుటకు మాత్రమే సన్నని పేక అక్కడక్కడ ఉంటుంది. రబ్బరు నేలను పట్టుకొంటే, ఈ దారాలు గాలి ఒత్తిడిని, బండి భారాన్ని మోస్తాయి. గాలి తక్కువైన టైరు పదే పదే ముడుచుకొని వేడెక్కినప్పుడు ముందు దెబ్బతినేది ఈ పడుగే.

నాలుగు వందల గుర్రాలలో పదిహేను

ఇప్పుడు స్పోర్ట్స్ కారును మంచులోనికి దింపుదాం. ఇంజను శక్తి 400 అశ్వశక్తి అనుకొందాం. బరువు 1500 కిలోలు. వెనుక చక్రాలు మాత్రమే కారును నెట్టుతాయి. ఆ చక్రాల మీద పడే భారం సుమారు సగం, అనగా 750 కిలోలు. కూరుకొని గట్టిపడిన మంచు మీద వేసవి టైరు ఘర్షణ గుణకం సుమారు 0.15 అనుకొంటే, ఆ చక్రాలు నేల మీద ప్రయోగించగల గరిష్ఠ బలం 112 కిలోలు మాత్రమే. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో, అనగా సెకనుకు 10 మీటర్ల వేగంలో, ఇంత బలానికి ఉపయోగపడే శక్తి లెక్కకట్టితే పదిహేను అశ్వశక్తి! మిగిలిన 385 గుర్రాలు చక్రాలను ఊరక తిప్పుటకు తప్ప మరెందుకూ కొరగావు. వంద మీటర్లకు ఎనిమిది మీటర్లు ఎత్తు పెరిగే చిన్న గట్టును కూడ ఆ కారు ఎక్కలేదు. పెనుకొండ కొండదారితో పోలిస్తే అది గట్టే కాదు.

అదే కారునకు చలికాలపు టైర్లు తొడిగి, గుణకం 0.3కు పెరిగినదనుకొంటే, పట్టు రెండింతలవుతుంది. కాని ఎక్కడం, దిగడం కంటె ముఖ్యమైనది ఆగడం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ బ్రేకు వేస్తే, పొడి రోడ్డు మీద కారు సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. మంచు మీద చలికాలపు టైరుతో 33 మీటర్లు పడుతుంది. వేసవి టైరుతో 66 మీటర్లు. గట్టి మంచుగడ్డ మీద వంద మీటర్లకు చేరువ కావచ్చును. డ్రైవరు చూచి బ్రేకు నొక్కేలోగా పోయిన దూరం దీనికి అదనం. ఈ అంకెలలో ఒక భయంకర సత్యం దాగి ఉన్నది. రెండు కార్లు ఒకేచోట బ్రేకు వేశాయనుకొందాం. చలికాలపు టైరున్న కారు పూర్తిగా ఆగిపోయిన చోట, రెండవ కారు ఇంకను గంటకు 35 కిలోమీటర్ల వేగంతో దూసికొని పోతూనే ఉంటుంది. ఆ చోట ఒక పాదచారి ఉంటే, వాని బ్రదుకును నిర్ణయించేది ఇంజను కాదు, బ్రేకు కాదు. కొన్ని మిల్లీమీటర్ల రబ్బరు.

స్పోర్ట్స్ కారునకు మరి రెండు ఇబ్బందులు కూడ ఉన్నాయి. దాని టైర్లు మిక్కిలి వెడల్పైనవి. వెడల్పైన టైరు మంచు మీద పడవవలె తేలిపోతుంది. ఇరుకైన టైరు మంచును కోసికొని క్రిందికి దిగుతుంది. అందుచేతనే అనుభవజ్ఞులు శీతకాలంలో తయారీదారు అనుమతించిన కొలతలలో కొంచెం ఇరుకైన చక్రాలను, టైర్లను తొడుగుతారు. రెండవది, దాని అడుగుభాగం నేలకు చాలా దగ్గర. మంచు లోతుగా ఉంటే కారు గడ్డపారవలె మంచును తోసికొంటూ పోయి చివరకు దాని మీదనే కూర్చుండిపోతుంది. దీనికి టైరు కూడ ఏమీ చేయలేదు. తోసి శుభ్రపరచిన దారిలో మాత్రమే చలికాలపు టైరు స్పోర్ట్స్ కారును రక్షింపగలదు.

చిన్న కారు సాధించిన విజయం

యూరోపులో జనవరి మాసంలో ఆల్ప్స్ కొండదారులలో జరిగే మోంటే కార్లో ర్యాలీ చాలా ప్రసిద్ధమైనది. 1964, 1965, 1967 సంవత్సరాలలో ఆ పోటీని గెలిచినది మినీ కూపర్ అనే బుల్లి కారు. తనకంటె ఎన్నో రెట్లు శక్తిమంతమైన వాహనాలను అది వెనుకకు నెట్టింది. ఇంజను భారం నడిపించే చక్రాల మీదనే ఉండడం, టైరు ఎంపిక, డ్రైవరు నేర్పు దాని విజయ రహస్యాలు. 1968 నుండి 1970 వరకు వరుసగా మూడేళ్లు గెలిచినది పోర్షే 911. అది నిజమైన స్పోర్ట్స్ కారే. కాని దాని ఇంజను వెనుక ఉండి, బరువు వెనుక చక్రాల మీద పడుతుంది. కనుక స్పోర్ట్స్ కారు మంచులో పనికిరాదనడం సరికాదు. తగిన టైరు లేని స్పోర్ట్స్ కారు పనికిరాదనడం సరియైనది.

ఇచ్చట ఒక అపోహను తొలగించుట అవసరం. "నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి ఉన్నది, టైరు ఏదైనా ఫరవాలేదు" అని కొందరు ధైర్యపడతారు. నాలుగు చక్రాల చోదనం కదలుటకు తోడ్పడుతుంది. ఆగుటకు తోడ్పడదు. ఆగునప్పుడు అన్ని కార్లకూ నాలుగు చక్రాలే బ్రేకు వేస్తాయి. త్వరగా వేగం పుంజుకొని, ఆగలేకపోవడం కంటె పెద్ద ప్రమాదమేమున్నది? అట్లే ఖర్చు తగ్గించుటకు రెండు చక్రాలకే చలికాలపు టైర్లు వేయడం కూడ మహా దోషం. ఒక కొస పట్టుకొని మరొక కొస జారితే కారు మలుపులో గిర్రున తిరిగిపోతుంది. వేస్తే నాలుగూ వేయవలెను.

గుర్తులు, చట్టాలు, జాగ్రత్తలు

పరదేశం పోయే విద్యార్థులు టైరు పక్కగోడను చదువుట నేర్చుకొనవలెను. మూడు శిఖరాల పర్వతం, దాని నడుమ మంచురేకు ఉన్న గుర్తు 1999లో వాడుకలోనికి వచ్చింది. మంచు మీద పరీక్షకు నిలిచిన టైరుకే ఆ గుర్తు ఇస్తారు. "ఎం, ఎస్" అక్షరాలు మాత్రమే ఉన్న టైరు అట్టి పరీక్షకు నిలిచినదని అర్థం కాదు. జర్మనీలో మంచు, మంచుగడ్డ ఉన్న రోడ్ల మీద తగిన టైరు లేకుండా నడపడాన్ని 2010లో చట్టం స్పష్టంగా నిషేధించింది. 2024 అక్టోబరు నుండి పర్వతపు గుర్తు ఉన్న టైర్లనే చలికాలపు టైర్లుగా అంగీకరిస్తున్నారు. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి.

చలిలో గాలి ఒత్తిడి కూడ తగ్గుతుందని మరువరాదు. 30 డిగ్రీల వద్ద 33 పౌండ్లు నింపిన టైరు, సున్నాకు దిగువ 10 డిగ్రీల చలిలో దాదాపు 27 పౌండ్లకు దిగుతుంది. ఎక్కడా చిల్లు పడలేదు; వాయువు సంకోచించినదంతే. ఇంటర్మీడియెట్‌లో చదువుకొన్న వాయు సూత్రాలు పరీక్షహాలుతోనే ముగిసిపోవని ఇది మనకు చెబుతున్నది.

ఇక నడిపే విధానం: మెల్లగా కదలడం, మెల్లగా తిప్పడం, మెల్లగా ఆపడం. మలుపునకు ముందే వేగం తగ్గించుకొని, మలుపులో బ్రేకు జోలికి పోకుండుట. ముందరి వాహనానికి ఎంతో దూరంగా ఉండుట. నిదానమే ప్రధానం అని పెద్దలన్నది మంచుదారిని చూడకుండానే అయినా, మంచుదారికి ఇంతకు మించిన సూత్రం లేదు.

మరి మన ఎండకు?

ఇంతవరకు చదివిన పాఠకుడు చలికాలపు టైరు మేలైనదని భావించి హిందూపురంలో దానికొరకు వెదకరాదు! మే మాసపు ఎండలో కాలిన తారుమీద ఆ మెత్తని రబ్బరు మరింత మెత్తబడి, దిమ్మలు అటు ఇటు ఊగి, ఆగే దూరం పెరుగుతుంది. టైరు కొద్ది కాలంలోనే అరిగిపోతుంది. మంచులో ప్రాణదాత అయినది ఎండలో ప్రాణాంతకం కావచ్చును. కనుక మేలైన టైరు, నాసి టైరు అన్నది సంపూర్ణ సత్యం కాదు. నేలకు తగిన టైరు, తగని టైరు అన్నదే సత్యం.

మన నేలకు తగిన శత్రువులు మనకున్నాయి. మొదటిది ఎండ. గాలి తక్కువైన టైరు వేడిదారిలో ముడుతలు పడి, లోపలి దారాలు వేడెక్కి, రహదారి వేగంలో పగిలిపోతుంది. రెండవది తొలకరి. వర్షం అరుదైన మన ప్రాంతంలో నెలల తరబడి రోడ్డు మీద పేరుకొన్న దుమ్ము, చమురు మొదటి జల్లుతో కలిసి జిగటగా మారుతాయి. ఆ మొదటి గడియలలో రోడ్డు మిక్కిలి ప్రమాదకరం. మూడవది నిలిచిన నీరు. గాడులు అరిగి గుండు అయిన టైరు నీటిని తొలగింపలేక నీటి మీదనే తేలుతుంది. అప్పుడు మన నల్లని రహదారి కూడ బనిహాల్ కనుమతో సమానం. కారునకు నాలుగు అరచేతులున్నాయి. మన విద్యార్థులలో అధికులు నడిపే మోటారు సైకిలుకు ఉన్నవి అంతకంటె చిన్నవైన రెండే.

కార్ల టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని మన దేశపు నిబంధన. దీనిని కొలుచుటకు పరికరమక్కరలేదు. గాడి అడుగున చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. పైపట్టీ అరిగి ఆ గట్లతో సమానమైన రోజున టైరు ఆయుర్దాయం తీరినట్లే. పక్కగోడ మీద నాలుగు అంకెలు కూడ ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాడులు లోతుగా ఉన్నా, ఏళ్లు గడిచి పగుళ్లు తీసిన రబ్బరును నమ్మరాదు.

మన కర్తవ్యం

ఈ విజ్ఞానం పత్రికలోనే మిగిలిపోకూడదు. కళాశాల కమిటీ వారికి రెండు చిన్న సూచనలు చేయుటకు సాహసిస్తున్నాను. ఏటా తొలకరికి ముందు ఒక ఉదయం, విద్యార్థుల, అధ్యాపకుల వాహనాల టైర్లను, కళాశాల బస్సు టైర్లను వరుసగా పరీక్షింపజేయవచ్చును. దీనికి కావలసినది ఒక గాలి కొలిచే మీటరు, అనుభవమున్న ఒక పంక్చరు షాపు మేస్త్రి, గంట సమయం. ఆ మేస్త్రికి తెలిసినంత టైరు శాస్త్రం మన గ్రంథాలయంలో ఉండకపోవచ్చును. ఆయనను గురుస్థానంలో కూర్చుండబెట్టి వినడం మనకు గౌరవమే. రెండవది, భౌతికశాస్త్ర విభాగం వారు ఒక గ్లాసు మంచునీటితో, ఒక రబ్బరు ముక్కతో ఫైన్‌మన్ చేసిన ప్రయోగాన్ని విద్యార్థుల చేత చేయింపవచ్చును. ఖర్చు పది రూపాయలు, జ్ఞాపకం జీవితాంతం.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఎర్రమంచిలో కార్లను కూర్చవచ్చును, కొందరు టొరంటోలో కారు నడపవచ్చును, కొందరు ఈ పట్టణాలలోనే నిత్యం మోటారు సైకిలు మీద తిరుగవచ్చును. ఎక్కడ ఉన్నా బండి ఎక్కే ముందు ఒక్కసారి వంగి క్రిందికి చూడండి. బండి రంగును చూచి మురిసే కన్నులకు, నేలను తాకే ఆ అరచేతి వెడల్పు రబ్బరును కూడ చూచే అలవాటు చేయండి. శక్తి ఎంత ఉన్నదన్నది కాదు, ఆ శక్తికి నేల మీద పట్టు ఎంత ఉన్నదన్నదే మనలను క్షేమంగా ఇల్లు చేరుస్తుంది.